విశాఖపట్టణపు గగనరేఖ

ఒక పట్టణముయొక్క పూర్వచరిత్రము నెఱుఁగఁ గోరువారు శాసనములను, కవిలెలను, దొరతనమువారి దఫ్తరములను శోధింతురు. అది యుక్తమే. కాని యీ లిఖితపత్రములకంటె విస్పష్టముగా, చదువురానివానికిఁ గూడ బోధపడునట్లుగా, పట్టణచరిత్రమును దెలుపు పత్ర మొకటి కలదు. అది యాకాశమునకును ఊరికిని నడుమనుండు నంచు. దీనిని ఆంగ్లేయులు స్కైలైను అందురు. మనము గగనరేఖ యనవచ్చును. ఏ కాలమున నే జనులు దేనిని ఘనముగా నెంచిరో దానినే యెత్తుగాఁ గట్టిరి. గోపురము మిన్నంటిన యూరిలో దేవుఁడును, కోటబురుజు మిన్నంటిన యూరిలో దొరయు, పొగగొట్టము మిన్నంటిన యూరిలో యంత్రశాలయు పెద్దఱికము వహించిరని చూచినంతనే చెప్పవచ్చును. నేఁడు విశాఖపట్టణమున నన్నిటికంటె త్వరితముగా లేచుచున్నవి సామాన్యగృహస్థుల నివాసములు. ఇది యా యూరి చరిత్రమున క్రొత్త యధ్యాయము.

మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులలో ననేకులు పల్లెలనుండి యుద్యోగార్థమో, వర్తకార్థమో, బిడ్డల విద్యార్థమో విశాఖకుఁ జేరి స్థిరపడినవారు. మఱికొందఱు చేరఁ దలఁచుచున్నవారు. పోషకమహాశయులలో గృహనిర్మాణమున ధనము నినియోగించినవారును లేకపోలేదు. కావున నీ సంచికయందు ఆ పట్టణపు టెత్తులనుగూర్చి ముచ్చటించుట యప్రస్తుతము గాదని తలఁచెదను.

విశాఖను నేలమీఁదినుండి చూచినవాఁడు సగమే చూచినవాఁడు. ఆ యూరిని సముద్రముమీఁదినుండి చూడవలెను. పడవ యొడ్డునకు రెండు మూఁడు క్రోసుల దూరమున నుండఁగా మొదటఁ గానవచ్చునవి ఇండ్లు గావు, కొండలు. దక్షిణమున యారాడకొండ తన ముట్టెను సముద్రములోనికిఁ జాఁచి పండుకొన్న జలచరమువలె నుండును. ఆంగ్లనావికులు దానిని డాల్ఫిన్ ముక్కని పిలిచిరి. ఉత్తరమున కైలాసగిరియు, దాని వెనుక సింహాచలపు గుట్టలవరుసయు నీలిరంగున నిలుచును. ఈ రెండింటి నడిమి పల్లపునేలయే పట్టణము. ఆ కొండల ఱాయి పెక్కు చోట్ల ఖొండలైటు అను జాతిది; మన తూర్పుకనుమలలోని ఖోండుజాతివారి పేరే భూగర్భశాస్త్రజ్ఞులు దాని కిచ్చిరి. ఈ ఱాయి యెండవానలకు పాలిపోయి యెఱ్ఱబాఱును. విశాఖ కొండచఱియలయందు సాయంకాలమునఁ గానవచ్చు నా కావిరంగు దానివలననే వచ్చినది.

అట్టి కొండలపై మొదట నిల్లు గట్టినవారు రాజులుగాని వర్తకులుగాని కారు, బౌద్ధభిక్షువులు. నగరమునకు నుత్తరమున భీమునిపట్టణపుఁ ద్రోవలో సముద్రమున కెదురుగా తొట్లకొండ యున్నది. 1976వ సంవత్సరమున భారతనౌకాదళమువారు తమ పనికై విమానమునుండి సర్వే చేయుచుండఁగా నా కొండనెత్తిమీఁద పూర్వపుఁ గట్టడముల జాడలు కనఁబడినవి. పిమ్మట రాష్ట్రపురావస్తుశాఖవారు 1988 మొదలు 1993 వఱకు త్రవ్వి స్తూపములను, చైత్యములను, విహారములను, వంటశాలను వెలికిఁ దీసిరి. రోమకదేశపు వెండినాణెములును దొరకినవి. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దినుండి క్రీస్తుశకము మూఁడవ శతాబ్దివఱకు నచట భిక్షువులు వసించిరని పండితుల యభిప్రాయము. ఇందు నాకు మిక్కిలి విలువైనదిగాఁ దోఁచున దేమనఁగా, ఆ కొండకుఁ బేరు స్తూపమువలన రాలేదు, బుద్ధునివలన రాలేదు, తొట్లవలన వచ్చినది. వాననీటిని నిలుపుటకై భిక్షువులు పరుపుబండలోఁ దొలిచిన తొట్లు నేఁటికిని చెక్కుచెదరక యున్నవి. ఎత్తున నివసింపఁ గోరిన యా సన్న్యాసులు మొదట నీటిచింత దీర్చుకొని పిదపనే ఇటుక పేర్చిరి. రెండువేల యేండ్ల క్రిందటి యీ క్రమము నేఁటి సౌధనిర్మాతలు జ్ఞాపకముంచుకొనఁ దగినది. దీనిఁ గూర్చి మరల ముందు చెప్పెదను.

మధ్యయుగచరిత్రమును సంక్షేపించెదను. కులోత్తుంగచోళపట్టణమను నామాంతరము చోళులకాలమున నీ యూరికిఁ గలిగెను. వైశాఖేశ్వరుని యాలయము సముద్రగర్భమునఁ గలిసినదని ప్రజలు చెప్పుకొందురు. ఊరి పేరునకు నదియే మూలమని యైతిహ్యము. 17వ శతాబ్దము చివర ఆంగ్లవర్తకు లిచట కోఠీ నెలకొల్పిరి. 1757లో బుస్సీ దాని గైకొనఁగా మఱుసటి సంవత్సర మది మరల నాంగ్లేయుల పాలయ్యెను. 1804 సెప్టెంబరు 15వ తేదిన నీ రేవుముందఱనే ఫ్రెంచినౌకలకును ఆంగ్లనౌకకును ఫిరంగిపోరు జరిగెను. ఇన్ని జరిగినను ఊరి గగనరేఖ మాత్రము మాఱలేదు. పెంకుటిండ్లు, తాటాకిండ్లు, తాటిచెట్ల తలలు; వానిపైఁ గొండలు.

రేవు ముఖద్వారమున మూఁడు చిన్నగుట్ట లొకదాని ప్రక్క నొకటి యున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి యాలయము, ఒకదానిపై మహమ్మదీయుల దర్గా, మూఁడవదానిపై క్రైస్తవుల ప్రార్థనాలయము. ఈ మూఁడవగుట్టమీఁద 1864 ప్రాంతమున రాసు అను దొర యిల్లు గట్టుకొనఁగాఁ దరువాత నది రోమను కథొలిక్కుల దేవాలయ మయ్యెను. ఓడ లోనికి వచ్చునప్పుడు మూఁడింటికిని మ్రొక్కి వచ్చిన ట్లుండును. ఏ మతమువారును రెండవవారిని మించి యెత్తు గట్టఁ బ్రయత్నింపలేదు. గుట్టల యెత్తే చాలునని యూరకుండిరి. ఈ సంయమము కొనియాడఁదగినది. నేఁడు ప్రక్కయింటికంటె నొక యంతస్తైన నెక్కువ వేయవలెనను పంతము మనవారిలోఁ బ్రబలియున్నది గదా!

ఊరు పైకి లేచుటకుఁ గారణము ఎత్తుననున్న కట్టడమేదియుఁ గాదు. లోఁతుగాఁ ద్రవ్విన బురదకయ్య. ఈ మాట వింతగాఁ దోఁచవచ్చును. మదరాసునకును కలకత్తాకును నడుమ పెద్దయోడ నిశ్చింతగా నిలువఁదగిన రేవు పూర్వము లేదు. ఓడలు దూరమున లంగరు వేసికొనఁగా చిన్నపడవలు సరకును మోయుచుండెను. మధ్యపరగణాలలోని మాంగనీసు ఖనిజమునకు సముద్రమార్గము గావలసియుండెను. యారాడకొండ చాటున మేఘాద్రిగెడ్డ వచ్చి కలియు నుప్పుటేటి పఱ్ఱ యొకటి యున్నది. తుపానుగాలి కొండకుఁ దగిలి యాఁగిపోవును. ఆ పఱ్ఱను త్రవ్వినచో లోపలిరేవు సిద్ధించునని యింజనీర్లు కనుఁగొనిరి. బెంగాలు నాగపూరు రైల్వేవారు పూనుకొనిరి. రాయపురమునుండి విజయనగరమువఱకు రైలుదారి 1931 నాఁటికి పూర్తి యయ్యెను.

పనిలోఁ గల చిక్కు త్రవ్వుటలో లేదు. త్రవ్విన దానిని పూడకుండఁ గాపాడుటలో నుండెను. మన తూర్పుతీరమున నలలు ఇసుకను దక్షిణమునుండి యుత్తరమునకు సంవత్సరములో నధికకాలము తోసికొనిపోవుచుండును. రేవునోరు తెఱచినంతనే యిసుక వచ్చి మూయఁజూచును. దీనికై రెండు పాతనౌకలను దెచ్చి, ఱాళ్లతో నింపి, యారాడకొండ కొనయందు సముద్రములో ముంచి యొక కృత్రిమద్వీపము వంటి కట్టగాఁ జేసిరి. దాని చాటున నాఁగిన యిసుకను యంత్రములతో నెత్తి యుత్తరతీరమునఁ బోసిరి. ఈ యుపాయము విచిత్రము, సుందరము. సముద్రముతోఁ బోరాడక, దాని పని దాని చేతనే యొకచోటఁ జేయించుకొని మిగిలినది మోసికొనుట. 1933 అక్టోబరు 7వ తేదిన సింధియా కంపెనీవారి జలదుర్గ యను నౌక లోపలిరేవునఁ బ్రవేశించెను. డిసెంబరు 19వ తేదిన వైస్రాయి విల్లింగ్డను ప్రభువు రేవునకుఁ బ్రారంభోత్సవము జరిపెను.

ఆ పిమ్మట నన్నియు నా నీటి యంచునే లేచినవి. 1941 జూను 21వ తేదిన బాబూ రాజేంద్రప్రసాదు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపనము చేసిరి. మఱుసటి సంవత్సరము ఏప్రిలు 6వ తేదిన జపానువారు పట్టణముపై బాంబులు వేసిరి. అయినను పని మానలేదు. 1948 మార్చి 14వ తేదిన స్వతంత్రభారతమున నిర్మితమైన తొలి యావిరినౌక జల ఉష పండిత జవహరులాలు నెహ్రూ చేతులమీఁదుగా నీటఁ దిగెను. నౌకానిర్మాణశాలయందలి యెత్తుయంత్రములు నాఁడు పట్టణములోఁ గొండలకుఁ దరువాత నెత్తైన వస్తువులు. 1957లో నూనెశుద్ధిశాల వచ్చెను. యారాడకొండపై దీపస్తంభము వెలిఁగెను. 1966 ఆందోళనమునఁ బ్రాణములు గోల్పోయిన 32 మంది జ్ఞాపకముతోఁ గూడిన యుక్కుకర్మాగారము, 1971లో శంకుస్థాపనము జరిగి 1992 ఆగస్టు 1వ తేదిన జాతి కంకితమయ్యెను. దాని పొగగొట్టములు దక్షిణపు గగనరేఖను గీచినవి.

ఈ యెత్తులన్నిటిలో నొక సామాన్యధర్మ మున్నది. భిక్షువులగుట్ట నావికునకు గురుతు. దీపస్తంభము పరులకై వెలుఁగును. ఎత్తుయంత్రము పదిమంది పనిని మోయును. పొగగొట్టము, దాని దోషములు దానికున్నను, వేలకుటుంబముల కన్నము పెట్టును. ఎత్తుగా నున్నది తనకై యుండలేదు.

ఇఁక జనసంఖ్య. 1901వ సంవత్సరపు జనాభాలెక్కలలో విశాఖపట్టణమున 40,892 మంది. 1951 నాఁటికి లక్ష దాఁటెను. 2011 లెక్కలలో నగరపాలకసంస్థ పరిధిలో పదునేడు లక్షలకుఁ బైగా జనులు. ఇంతమందికిఁ జోటేది? తూర్పున సముద్రము, ఉత్తరదక్షిణములఁ గొండలు, నడిమి పల్లములో రేవువారికి, నౌకాదళమువారికి, రైలువారికి, కర్మాగారములకు నిచ్చిన విశాలభూములు. మిగిలినది సన్నని నేల. వెడల్పునకుఁ బోలేని చెట్టు పైకిఁ బెరుగును. విశాఖ మేడలు లేచుటకు వైభవకాంక్షకంటె నీ యిఱుకుఁదనమే ముఖ్యకారణమని నా నమ్మకము.

ఆకాశసౌధముల చరిత్ర మతిప్రాచీనము గాదు. త్రాడు తెగినను పడని యెత్తుడుబండిని అమెరికాలో ఓటిసు అనునతఁడు 1850లలోఁ జూపెను. అంతకుముందు నాలుగైదంతస్తులకుఁ బైన నుండువాఁడు దరిద్రుఁడు. మెట్లెక్కు శ్రమ యెవరికిఁ గావలెను? ఎత్తుడుబండి వచ్చినతరువాత పైయంతస్తు ధనికుల దయ్యెను. గోడలు బరువు మోయు పద్ధతి మాని లోహపుఁజట్రము బరువు మోయు పద్ధతి వచ్చుటతో 1885లో చికాగోనగరమునఁ బదియంతస్తుల కట్టడము లేచెను. మన దక్షిణాదిని 1959లో మదరాసు మౌంటురోడ్డునఁ బదునాలుగంతస్తుల జీవితభీమాభవనము వెలసి కొంతకాలము దేశమునకంతటికిని నెత్తైన మేడగా నుండెను. మదరాసునకుఁ బోయిన మనవారు సముద్రము, జంతుశాల, ఆ భవనము, ఈ మూఁడును చూడక మరలివచ్చెడివారు గారు. విశాఖ యీ త్రోవలోఁ దడసి యడుగిడినది. ఇరువదవశతాబ్దపుఁ గడపటిపాదమున నైదంతస్తుల వాటాయిండ్లు వచ్చినవి, తరువాత పదియంతస్తులవి, నేఁడు సీతమ్మధార, మధురవాడ, ఎండాడ ప్రాంతములయందు ఇరువది యంతస్తులను మించినవియుఁ గానవచ్చుచున్నవి. జాతీయనిర్మాణనియమావళి పదునైదు మీటర్లకు మించిన ప్రతి కట్టడమును ఎత్తైన కట్టడముగానే లెక్కించును. ఆ లెక్కను నేఁటి విశాఖ యంతయు నెత్తైన యూరే.

సాయంకాలమునఁ గైలాసగిరి యెక్కి దక్షిణముగాఁ జూచువాని కా దృశ్యము మనోహరమని చెప్పుటకు నాకు సంకోచము లేదు. ఎడమప్రక్క తెల్లని నురుగుగీఁత వంపు తిరిగి డాల్ఫిన్ ముక్కువఱకుఁ బోవును. ఆ గీఁత కానుకొని తీరపుబాట దీపములు. కుడిప్రక్క మేడలు ఒకదాని భుజముపై నొకటి చేయివేసికొన్నట్లు. ప్రొద్దు గుంకఁగానే కిటికీలలో దీపము లొక్కటొక్కటిగా వెలుఁగును. ఒక్కొక్క కిటికీ వెనుక నొక్కొక్క సంసారము. అందుఁ బెక్కు మన తాతలకాలమున నటుకయైన లేని యింటినుండి వచ్చినవి. మేడలను చూచి ముక్కు విఱుచుట నేఁడు కొందఱు రసికులకు వాడుక యైనది. పల్లెలో వానకాలమునఁ గారు కప్పుక్రింద గిన్నెలు పెట్టిన తల్లి పదునాల్గవ యంతస్తున సముద్రపు గాలికి కూర్చుండుట చూచినవాఁ డట్లు ముక్కు విఱువలేఁడు.

అయితే ప్రశంస యొకటి, పరీక్ష యొకటి. ఈ మేడలు దేనిని మఱుఁగుపఱచుచున్నవో చూడవలెను. విశాఖకు సౌందర్యము మేడలవలన రాలేదు; సముద్రమునుండి కొండలు, కొండలనుండి సముద్రము కానవచ్చుటవలన వచ్చినది. పెదజాలారిపేట మొదలగు పేటలలోని జాలరి సోదరులకు కొండలు కేవలము కన్నులపండువు గావు. నడిసముద్రమున వల వేయు తావును వారు రెండు గురుతులు గలిపి గుర్తించెడివారు. ఈ కొండకొన యా గుట్టమీఁదికి వచ్చినప్పు డిచట చేప యున్నది, ఇంకను ప్రక్కకు జరిగిన నిచట ఱాయి యున్నది యని తండ్రి కొడుకునకుఁ జెప్పెడివాఁడు. గగనరేఖ వారికి వ్రాయని పటము. ఉపగ్రహయంత్రము చేత నున్నను, ముసలి జాలరులు నేఁటికిని కొండవైపే చూతురు. తీరము పొడుగునను మేడలు గోడవలె నిలిచినచో నా పటము చెఱిగిపోవును.

చట్టము కొంత కాపాడినది. 1991లో వెలువడి 2011, 2019లలో మాఱిన తీరక్రమబద్ధీకరణ ప్రకటనములు నగరతీరమునఁ బూర్వమున్న బాటకు సముద్రమువైపునఁ గ్రొత్తమేడలు గూడదని చెప్పుచున్నవి. నౌకాదళమువారి విమానరంగము సమీపమున మేడల యెత్తునకు హద్దున్నది. బాట వెడల్పునుబట్టి యెత్తు ననుమతించు నియమమును గలదు. ఇవి యన్నియు మంచివే. కాని కొండశిఖరరేఖను దాఁటరాదను నియమము కావలసియున్నది. తీరపుబాటపై ఫలానా ఫలానా తావులనుండి చూచినచోఁ గైలాసగిరియు, సింహాచలపు వరుసయు మేడలకుఁ బైన కానవచ్చునట్లు చూపుదారులు విడువవలెను. లండను నగరమున సెయింటుపాలు దేవాలయపు గుమ్మటము కనఁబడుటకై యిట్టి చూపుదారులను 1930ల నుండి కాపాడుచున్నారు. ఒక్క గుమ్మటమునకై వారంత శ్రమపడఁగా, దేవుఁడు నిలిపిన గుమ్మటములు గల మన కంత పట్టింపు లేకుండుట విచారకరము. మేడ గట్టుటకంటెఁ గొండను దొలుచుట యెక్కువ హాని. తొలిచిన కొండ తిరిగి రాదు. ఋషికొండపై 2021 తరువాత జరిగిన త్రవ్వకము సర్వోన్నతన్యాయస్థానమువఱకుఁ బోయిన సంగతి పాఠకు లెఱుఁగుదురు.

నీటిమాట చెప్పెదనంటిని. ఇరువదవశతాబ్దారంభమున పురపాలకసంఘమువారు ముడసర్లోవ చెఱువునుండి నీరు దెచ్చిరి. ఊరు పెరిగినకొలఁది గోస్తనీనదిపై తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయములు తోడైనవి. ఉక్కుకర్మాగారముతోఁ బాటు ఏలేరునుండి దాదాపు 150 కిలోమీటర్ల కాలువ వచ్చినది. ఊరియెత్తు పెరిగినప్పుడెల్ల నీరు మఱింత దూరమునుండి వచ్చినదన్నమాట. పెద్దమేడలో నూఱు కుటుంబము లుండును. నేలపైఁ జెదరి యున్నప్పుడు నూఱు నూతులనుండి తోడుకొన్న నీరిప్పు డొక్కచోటినుండి పైకిఁ బోవలెను. వేసవిలో బండ్లమీఁద నీరు దెప్పించుకొను మేడలు లేకపోలేదు. తొట్లకొండ భిక్షువులు వానచినుకును వదలలేదు. మనము మిద్దెమీఁదఁ బడిన వానను కాలువలోనికి వదలి, నూఱుమైళ్ల యవతలినుండి వచ్చిన నీటికై యెదురుచూచుచున్నాము. ప్రతి మేడయు తన మిద్దెనీటిని నేలకుఁ దొట్టికిఁ జేర్చు నేర్పాటు చూపినఁగాని కాపురమున కనుమతి యీయరాదు.

రెండవది గాలి. 2014 అక్టోబరు 12వ తేదిన హుదుహుదు తుపాను సరిగా విశాఖకడ తీరము దాఁటెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున వీచిన గాలికి చెట్లు వేలకొలఁదిగాఁ గూలెను, విమానాశ్రయపుఁ గప్పు చీలెను, అద్దపుఁదలుపులు పగిలెను, విద్యుత్తు పెక్కు దినములు లేకపోయెను. కట్టడముల చట్రములు చాలవఱకు నిలిచినవని యింజనీర్లు సంతసించిరి. నిజమే. అయినను విద్యుత్తు లేని మేడలో నెత్తుడుబండి యాడదు, నీటియంత్రము తిరుగదు. పైయంతస్తుల వృద్ధులు బందీలగుదురు. నేలయిండ్లవారు నూతికడకుఁ బోవుచుండఁగా మేడవారు బిందె మెట్లపై మోయవలసివచ్చును. ఎత్తునకుఁ బోయినకొలఁది గాలి బలమెక్కువ యని యింజనీర్ల కెవ్వరును జెప్ప నక్కఱలేదు. కొనువాఁడు మాత్ర మడిగి తెలిసికొనవలెను. సముద్రపుఁ దేమలోని యుప్పు సిమెంటులోనికి దిగి లోపలి యినుమును త్రుప్పు పట్టించును. త్రుప్పుపట్టిన యినుము ఉబ్బి సిమెంటును పగులఁగొట్టును. తీరమున నినుముపైఁ గప్పు మందము, సిమెంటు చిక్కన యెక్కువగా నుండవలెను. కొన్నినాళ్లకే పెచ్చులూడుచున్న పాతవాటాయిండ్లు తీరపుబాట ననేకము గలవు. సున్నము తళుకును గాక యీ సంగతుల నడుగువారు మనలో నెందఱు?

కొనఁదలఁచువారి కింకొక మాట. మేడలో వాటా కొన్నవానికి లభించునది గాలిలోని గదులు మాత్రమే కాదు. క్రిందినేలలో విభజింపఁబడని భాగమొకటి. ఏఁబదియేండ్లకు మేడ ముసలిదైనప్పుడు మిగులునది యా నేలభాగమే. అంతస్తులు పెరిగినకొలఁది యొక్కొక్కరి భాగము సన్నగిలును. దస్తావేజులో నెన్ని గజములని వ్రాసినదో చూచుకొనక, చలువరాతి నేలను జూచి సంతకము చేయుట తెలివిగాదు. 2016వ సంవత్సరపు స్థిరాస్తిచట్టము ననుసరించి నమోదైనదా, అగ్నిప్రమాదమున దిగుటకు రెండవ మెట్లదారి యున్నదా, అది సామానుతో నిండియున్నదా యని చూచుటకు గడియసేపు చాలును. మన పెద్దలు పెండ్లికి ముందేడుతరములు విచారించెడివారు. ఇంటికై యేడు ప్రశ్న లడుగుట భారమా?

రాఁబోవు కాలమున నీ నగరము మఱింత పైకి లేచుట నిశ్చయము. 2023 మేనెలలో భోగాపురము విమానాశ్రయమునకు శంకుస్థాపనము జరిగినది. 2025 అక్టోబరులో గూగులు సంస్థవారు విశాఖయందు పదునైదు బిలియను డాలర్ల పెట్టుబడితో గణనయంత్రకేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించిరి. ఇట్టి కేంద్రములకు విద్యుత్తును, నీరును విస్తారముగాఁ గావలెను. వానితోఁ బాటు వచ్చు నుద్యోగుల కిండ్లును గావలెను. పౌరవిమానములు నగరమధ్యమును విడిచి భోగాపురమునకుఁ బోయినను, నౌకాదళమువారి రంగ మచటనే యుండును గనుక నెత్తుహద్దులు తొలఁగునని కొందఱు వర్తకులు చెప్పు మాట నమ్మి భూమి కొనరాదు. నగరపు పెరుగుదల మాత్ర ముత్తరదిక్కునకే మొగ్గుచున్నది.

ఆ దిక్కునఁ గడపటిది భీమునిపట్టణము. డచ్చివారి సమాధులు, గంటస్తంభము, గోస్తనీనది సంగమము గల యా ప్రశాంతపుటూరు 1861లోనే పురపాలకసంఘమును బడసినది. 2013లో విశాఖ మహానగరమునఁ గలిసినది. అచటి పెంకుటిండ్ల నడుమ సముద్రపుటొడ్డున పాతకాలపు దీపస్తంభ మొకటి పొట్టిగా నిలిచియున్నది. మధురవాడనుండి బయలుదేరిన మేడలవరుస దానిని చేరుటకు నడుమ రెండే యడ్డున్నవి. ఒకటి, భూగర్భశాస్త్రశాఖవారు జాతీయవారసత్వస్థలముగాఁ బ్రకటించిన ఎఱ్ఱమట్టి దిబ్బలు. రెండవది, తొట్లకొండ.